క్లారిఫయర్ అంచున పాచి

పరిశ్రమల మురుగునీటిని శుద్ధిచేసే ప్లాంటులో పనిచేసేవాళ్లకు పాచి అంటే వారం వారం ఎదురయ్యే చిరాకు. మురికిని అడుక్కు దించి నీటిని తేర్చే ట్యాంకును క్లారిఫయర్ అంటారు. దాని అంచున రంపపు పళ్లలాంటి వెయిర్ ఉంటుంది. తేరిన నీరు దాని మీదుగా పొంగి కాలువలోకి దిగుతుంది. ఎండ, తడి, నైట్రోజన్ మూడూ దండిగా దొరికే చోటు కనుక అక్కడ పది రోజులు తిరక్కుండానే ఆకుపచ్చని పొర పేరుకుని, పళ్లను మూసేసి, నీరంతా ఒకవైపు నుంచే పొర్లేలా చేస్తుంది. మా ప్లాంటులో ప్రతి శనివారం ఆపరేటర్ వైరు బ్రష్‌తో దాన్ని గీకి బకెట్లో వేస్తారు. నాలుగేళ్ల క్రితం ఒక శనివారం ఆ బకెట్‌ను పారబోయకుండా ల్యాబుకు తెచ్చివ్వమని అడిగితే ఆయన నన్ను వింతగా చూసి, “సార్, పాచిని గీకి పారేసుడే మా పని. మీరేమో పెంచుతా అంటున్రు,” అన్నారు.

పటాన్‌చెరు వైపు ఒక మందుల కర్మాగారంలో ఈటీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) ల్యాబు చూసుకునే కెమిస్టును నేను. పాఠ్యపుస్తకాలు శైవలాలు అంటాయి, కొందరు నాచు అంటారు. మా దగ్గర అందరి నోటా పాచి అనే మాటే ఉంది కనుక ఇక్కడా అదే వాడతాను. పాచినీ బ్యాక్టీరియానూ జతచేసి పరిశ్రమల నీటిలోని విషాలను విరగ్గొట్టవచ్చని చదివిన వార్తల్లో చాలావరకు “పాచి విషాన్ని తినేస్తుంది” అన్న ధోరణే కనిపించింది. నాలుగేళ్లుగా మూడు టబ్బులతో కుస్తీ పట్టాక, ఆ మాట ఎంతవరకు నిజమో, ఎక్కడ తేలిపోతుందో రాయాలనిపించింది.

అసలు సమస్య ఆక్సిజన్ దగ్గర మొదలవుతుంది. ఒక లీటరు నీటిలో ఫినాల్ అనే విషపు రసాయనం 500 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. ఒక ఫినాల్ అణువు పూర్తిగా కార్బన్ డయాక్సైడుగా, నీరుగా మారాలంటే 7 ఆక్సిజన్ అణువులు కావాలి. బరువుల్లో చెప్పుకుంటే 94 గ్రాముల ఫినాల్‌కు 224 గ్రాముల ఆక్సిజన్. ఆ లెక్కన మన లీటరు నీటికి దాదాపు 1,190 మిల్లీగ్రాములు కావాలి. కానీ 30 డిగ్రీల వేడిలో గాలి తగులుతూ ఉన్న నీటిలో కరిగి నిలిచే ఆక్సిజన్ లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములే. ఫినాల్‌లో కొంత భాగం బ్యాక్టీరియా ఒంట్లో కలిసిపోతుంది కనుక నిజంగా ఖర్చయ్యేది కాస్త తక్కువే అయినా, నీటికి పట్టే ఆక్సిజన్‌ను వంద సార్లకు పైగా నింపి నింపి ఖాళీ చేస్తే తప్ప ఆ ఫినాల్ పోదు. బ్యాక్టీరియాకు గాలి అందించే ఏరేషన్ ట్యాంకు పక్కన, ఆ గాలి కొట్టే బ్లోయర్లు రాత్రింబవళ్లు హోరెత్తుతుండటానికి కారణం ఇదే. జీవ పద్ధతిలో నడిచే శుద్ధి ప్లాంట్లలో కరెంటు ఖర్చులో సగం, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ, ఈ గాలి కొట్టడానికే పోతుంది.

పాచి కథ ఇక్కడ మొదలవుతుంది. బ్యాక్టీరియా ఆక్సిజన్ తీసుకుని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. పాచి ఎండలో ఆ కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని ఆక్సిజన్ వదులుతుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని ఇంజనీరింగ్ లెక్కల్లోకి తెచ్చిన ఘనత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ శాఖలో పనిచేసిన విలియం ఆస్వాల్డ్‌ది. 1950లలో ఆయన, హెరాల్డ్ గోటాస్ కలిసి, రేస్ ట్రాకులా మలుపు తిరిగే లోతు తక్కువ కాలువలో, తెడ్ల చక్రంతో మురుగును నెమ్మదిగా తిప్పుతూ పాచి పెంచే చెరువులను రూపొందించారు. లోతు మూరెడుకు మించితే అడుగుకు వెలుతురు అందదు కనుక ఈ చెరువులు ఎప్పుడూ పల్లెంలా విశాలంగా, పలచగా ఉంటాయి. అయితే వాళ్ల లెక్కలు ఊరి మురుగుకు. ఊరి మురుగు పాచికి పంచభక్ష్య పరమాన్నం. పరిశ్రమల నీరు అలా కాదు.

పరిశ్రమల నీటి మీద నేను ఎక్కువగా నమ్మే పని స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో 2000 తర్వాత జరిగింది. రౌల్ మున్యోస్, బెన్వా గియెస్, బో మాటియాసన్, వారి సహచరులు క్లోరెల్లా సొరోకినియానా అనే పాచిని రాల్స్టోనియా బాసిలెన్సిస్ అనే బ్యాక్టీరియాతో జతచేసి సాలిసిలేట్‌ను, సూడోమొనాస్ మిగ్యులేతో జతచేసి ఫినాంత్రీన్‌ను విరగ్గొట్టారు. బయటి నుంచి గాలి కొట్టలేదు, వెలుతురు మాత్రమే ఇచ్చారు. ఆ పనిలో నాకు ముఖ్యంగా తోచింది పని విభజన. ఈ రసాయనాల్లో ఆరు కార్బన్లు గుండ్రంగా కట్టుకుని ఉండే బెంజీన్ వలయాన్ని తెరిచేది బ్యాక్టీరియా. పాచి అక్కడ ఊపిరి అందించేది మాత్రమే. ఆక్రొమోనాస్ డానికా లాంటి కొన్ని జాతులు ఫినాల్‌ను సొంతంగానే తినగలవని తేలినా అవి అరుదు. మామూలుగా అయితే ఆ విషానికి బ్యాక్టీరియా కంటే ముందు కుదేలయ్యేది పాచే. అందువల్ల మొదలుపెట్టేటప్పుడు విత్తు ముందా చెట్టు ముందా అన్న చిక్కు వస్తుంది: విషం తగ్గితే తప్ప పాచి బతకదు, పాచి బతికితే తప్ప ఆక్సిజన్ రాదు, ఆక్సిజన్ వస్తే తప్ప విషం తగ్గదు. నీటిని బాగా పలుచన చేసి మొదలుపెట్టి, మోతాదు మెల్లమెల్లగా పెంచడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు.

బేరం ఒకవైపే సాగదు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్టిన్ క్రాఫ్ట్, అలిసన్ స్మిత్ తదితరులు 326 పాచి జాతుల వివరాలు పరిశీలించి, వాటిలో 171 జాతులు విటమిన్ బి12ను బయటి నుంచి తెచ్చుకోక తప్పనివని, దాన్ని బ్యాక్టీరియా అందించగలదని 2005లో ప్రకటించారు. మందుల కంపెనీలో పనిచేస్తూ బి12 ఇంజెక్షన్లు మనుషులకే అనుకున్న నాకు ఈ సంగతి భలే నచ్చింది.

ఇక నా టబ్బుల సంగతి. ఫినాల్‌తో ఆడుకోవడం మంచిది కాదు కనుక సోడియం సాలిసిలేట్ ఎంచుకున్నాను. దానికి ఇంకో సౌలభ్యం కూడా ఉంది: ఇంటర్‌లో కెమిస్ట్రీ చదివిన ఎవరికైనా గుర్తుండే ఫెర్రిక్ క్లోరైడ్ పరీక్ష. పరీక్షనాళికలో కొద్దిగా నీళ్లు తీసుకుని రెండు చుక్కలు వేస్తే సాలిసిలేట్ ఉన్నంత మేరకు వంగపండు రంగు వస్తుంది. మొదటి టబ్బులో పాచి మాత్రమే, రెండో దానిలో ఏరేషన్ ట్యాంకు నుంచి తెచ్చిన స్లడ్జ్ (బ్యాక్టీరియా గుంపులతో నిండిన బురద) మాత్రమే, మూడో దానిలో రెండూ కలిపి ల్యాబు మేడ మీద పెట్టి, గాలి బుడగలు లేకుండా చిన్న మోటారుతో నెమ్మదిగా కలిపించాను. మూడో రోజు ఉదయానికి పాచి టబ్బు నీళ్లు వంగపండు రంగులోనే ఉన్నాయి. స్లడ్జ్ టబ్బులో రంగు కొంత వెలిసింది కానీ కుళ్లిన గుడ్ల వాసన మొదలైంది, అంటే అడుగున ఆక్సిజన్ అయిపోయిందన్నమాట. రెండూ కలిసిన టబ్బులో మాత్రం రెండో రోజు సాయంత్రానికే ఫెర్రిక్ క్లోరైడ్ తన సొంత లేత పసుపు రంగుతోనే మిగిలిపోయింది. ఆపరేటర్ ఆ మూడు నాళికలనూ ఎండకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశారు.

ఆ ఉత్సాహంలో ఒకరోజు రాత్రి అక్కడే ఉండిపోయి రెండు గంటలకొకసారి మీటరు ముంచి చూశాను. మధ్యాహ్నం రెండింటికి కరిగిన ఆక్సిజన్ పధ్నాలుగు చూపించింది, అంటే నీటికి మామూలుగా పట్టేదానికి రెట్టింపు. టబ్బు అంచున సన్నటి బుడగలు ముత్యాల్లా అంటుకున్నాయి. పాచి కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుంటున్నందువల్ల పీహెచ్ తొమ్మిది దాటింది. తెల్లవారుజామున ఐదింటికి చూస్తే ఆక్సిజన్ సున్నాకు దగ్గరగా, పీహెచ్ ఏడు చిల్లరకు దిగిపోయి ఉన్నాయి. చీకటిలో పాచి కూడా అందరిలాగే ఆక్సిజన్ పీల్చుకునేదే. ఫ్యాక్టరీకి మూడు షిఫ్టులు, సూర్యుడికి ఒకటే. రాత్రి వచ్చే నీటిని నిల్వ ఉంచుకునే ట్యాంకు ఒకటి వేరుగా లేకపోతే ఈ పద్ధతి నడవదని ఆ రాత్రే అర్థమైంది.

తర్వాతి తలనొప్పి పాచిని నీటి నుంచి వేరుచేయడం. క్లోరెల్లా కణం వ్యాసం రెండు నుంచి పది మైక్రాన్లు, సాంద్రత దాదాపు నీటితో సమానం, పైగా కణాలన్నీ ఒకే రకం విద్యుదావేశంతో ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. లీటరు కొలజాడీలో పోసి అరగంట ఆగితే స్లడ్జ్ అయితే చక్కగా కిందికి దిగుతుంది. ఇది ఆకుపచ్చ మజ్జిగలా అలాగే నిలిచిపోయింది. విషం పోయింది కానీ, ఆ పచ్చని నీటిని అలాగే వదిలితే పాచి చచ్చి కుళ్లి మళ్లీ బీఓడీగా, అంటే ఆక్సిజన్‌ను తినేసే మురికిగా, తేలుతుంది, అంటే ఒక మురికిని తీసి ఇంకోటి పెట్టినట్టే. పటిక వేస్తే దిగుతుంది గానీ ఖర్చు పెరుగుతుంది, పటిక కలిసిన స్లడ్జ్ ఇంకో తలకాయనొప్పి. అందుకని రైతు విత్తనం ఎంచుకున్నట్టు చేశాను: రోజూ సాయంత్రం మోటారు ఆపి, అరగంటలో కిందికి దిగినదాన్ని ఉంచుకుని, తేలినదాన్ని పారబోశాను. ఆరేడు వారాలకు బ్యాక్టీరియా వదిలే జిగురులో పాచి కణాలు చిక్కుకుని, పెసరగింజ పొట్టులాంటి పచ్చని రేణువులు తయారై వేగంగా అడుక్కు దిగడం మొదలైంది. అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో చుల్ పార్క్ బృందం ఇదే దారిలో చాలా ముందుకు వెళ్లి, గుండ్రని పచ్చ గింజల్లాంటి రేణువులతో మురుగును శుద్ధి చేస్తోంది. అక్కడ తీగల్లాంటి సయనోబ్యాక్టీరియా (పాచిలాగే ఎండతో బతికే బ్యాక్టీరియా) గింజ చుట్టూ అల్లుకుంటుంది.

రెండో వేసవిలో, ఆదివారం సెలవు తీసుకుని సోమవారం వచ్చి చూస్తే పచ్చని టబ్బు గోధుమరంగుకు తిరిగి ఉంది. మా నీటిలో ఏదో కొత్త రసాయనం వచ్చిందని ప్రొడక్షన్ వాళ్లతో గొడవ కూడా పెట్టుకున్నాను. తీరా ఒక చుక్క మైక్రోస్కోపు కింద పెడితే రోటిఫర్లు! తల దగ్గర చక్రంలా తిరిగే రోమాలతో నీటిని సుడి తిప్పి నోట్లోకి లాక్కునే ఈ చిన్న జీవుల పొట్టలు నిండా ఆకుపచ్చగా ఉన్నాయి. నా పంటంతా మూడు రోజుల్లో మేసేశాయి. పీహెచ్ తొమ్మిది దాటిన మధ్యాహ్నం కాస్త అమోనియా లవణం వేస్తే, అది విషపు అమోనియాగా మారి రోటిఫర్లను చంపింది, మిగిలిన పాచి తట్టుకుంది. ప్రొడక్షన్ వాళ్లకు క్షమాపణ చెప్పి టీ ఇప్పించాల్సి వచ్చింది.

ఇంతవరకు ఓపికతో దాటగలిగే ఇబ్బందులే. అసలు దెబ్బ కాగితం మీద తగిలింది. మంచి ఎండ ఉన్న చోట బాగా నడిచే చెరువులో చదరపు మీటరుకు రోజుకు సుమారు 20 గ్రాముల పాచి పెరుగుతుంది. గ్రాము పాచికి ఒకటిన్నర గ్రాముల ఆక్సిజన్ అనుకుంటే చదరపు మీటరుకు 30 గ్రాములు. దాంతో పూర్తిగా విరగ్గొట్టగలిగే ఫినాల్ 12 గ్రాములు, కాస్త అటూఇటూ. రోజుకు 100 కిలోల ఫినాల్ పోగొట్టాలంటే దాదాపు రెండెకరాల చెరువు, టన్నుకైతే ఇరవై ఎకరాలు. పటాన్‌చెరులో ఎకరం ధర తెలిసినవాళ్లకు ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

అక్కడితో ఆగకుండా ఇంకో లెక్క వేశాను. అదే చదరపు మీటరులో పాచికి బదులు సోలార్ ప్యానెల్ పెడితే రోజుకు ముప్పావు నుంచి ఒక యూనిట్ దాకా కరెంటు వస్తుంది. ఆ కరెంటుతో గాలిని సన్నబుడగలుగా వదిలే డిఫ్యూజర్లు నడిపితే మురికి నీటిలో కూడా యూనిట్‌కు కిలో పైచిలుకు ఆక్సిజన్ కరిగించవచ్చు. 30 గ్రాములెక్కడ, ఇంచుమించు కిలో ఎక్కడ! “ఎండతో ఉచితంగా ఆక్సిజన్” అన్న మాటనే నమ్ముకుని ప్రతిపాదన రాసుకున్న నేను ఆ కాగితాన్ని రెండు వారాలు సొరుగులోంచి తీయలేదు. ఆక్సిజన్ చవక అనే ఒక్క కారణంతో ఈ పద్ధతిని సమర్థించేవారు ఈ లెక్క వేసుకోలేదనే అనుకుంటాను.

మళ్లీ తీసింది వాసన వల్ల. మా ఫ్యాక్టరీల బెల్టులో ఉండేవాళ్లకు రాత్రిపూట వచ్చే ఆ తియ్యటి ద్రావణుల వాసన గురించి వర్ణించక్కర్లేదు. టాలుయీన్, డైక్లోరోమీథేన్ లాంటి ఆవిరయ్యే ద్రావణులు ఉన్న నీటిలోకి బ్లోయర్‌తో గాలి కొడితే, బ్యాక్టీరియా నోరు తెరిచేలోపే వాటిలో చాలా భాగం బుడగలతో పాటు గాలిలో కలిసిపోతుంది. సీఓడీ (నీటిలోని మురికికి ఒక కొలత) రిజిస్టరులో మాత్రం తగ్గుదల కనిపిస్తుంది, ఇన్స్పెక్షన్‌కు వచ్చినవాళ్లు సంతోషిస్తారు. నీటి కాలుష్యాన్ని గాలి కాలుష్యంగా మార్చి శుద్ధి అని రాసుకుంటున్నామన్న అనుమానం నాకు చాలాకాలంగా ఉంది. పాచి వదిలే ఆక్సిజన్‌కు బుడగ అక్కర్లేదు. బ్యాక్టీరియా పక్కనే, నీటిలోనే పుడుతుంది. మున్యోస్, గియెస్ 2006లో రాసిన సమీక్షలో దీన్ని ప్రత్యేకంగా చెప్పారు. తెరిచిన చెరువులో ఎండకు ఆవిరి కాదా అంటే తప్పకుండా అవుతుంది. కనుక ఇలాంటి నీటికి మూతవేసిన గాజు గొట్టాలు గానీ, పారదర్శకమైన కాలమ్‌లు గానీ కావాలి. అవి చెరువుకంటే చాలా ఖరీదు. ఖరీదైన పాత్రలో కొద్ది నీటినే శుద్ధి చేయగలం, కాబట్టి ఏ నీటిని అన్నదే ప్రశ్న.

నా జవాబు అసిటోనైట్రైల్ అనే ద్రావణి కలిసిన నీరు. మందుల కంపెనీల క్యూసీ (నాణ్యత పరీక్షల) ల్యాబుల్లో, మందులోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రాలు దీన్ని నీటితో కలిపి రోజంతా తాగుతూనే ఉంటాయి, డ్రమ్ముల కొద్దీ వ్యర్థం వస్తుంది. దీనికి రంగు లేదు కనుక వెలుతురు లోపలికి పోతుంది. బ్యాక్టీరియా దీన్ని ఎసిటమైడ్ మీదుగా ఎసిటిక్ ఆమ్లంగా, అమోనియాగా విడగొడుతుంది. మామూలు ఏరేషన్ ట్యాంకులో ఆ అమోనియా మరో సమస్య అవుతుంది, దాన్ని నైట్రేట్ చేయడానికి మళ్లీ ఆక్సిజన్ పోయాలి. ఇక్కడ మాత్రం పాచికి అదే ఎరువు. లుండ్ బృందం కార్బన్, నైట్రోజన్ రెండింటినీ ఒకే పాత్రలో తీసేయడానికి అసిటోనైట్రైల్‌నే ఎంచుకుని 2005లో పని ప్రచురించడం ఊరికే కాదు. మోతాదు మించితే మాత్రం పోగయ్యే అమోనియా, నా రోటిఫర్లను చంపినట్టే, పాచినీ చంపుతుంది. ఉక్కు తయారీకి బొగ్గును కోక్‌గా మార్చే కోక్ ఓవెన్ల నీటిలో ఫినాల్, థయోసయనేట్, అమోనియా కలిసి ఉంటాయి కనుక ఉక్కు కర్మాగారాలున్న చోట కూడా ఈ దారి ఆలోచించదగినదే, స్థలం ఉంటే.

మిగతా చాలా వాటికి ఇది పనికిరాదు. ఉప్పు విరగదు, లవణాలు ఎక్కువగా కరిగిన హై టీడీఎస్ నీరు, దాన్ని ఆవిరిచేసే ఎవాపరేటర్‌కు పోవాల్సిందే. సీసం, క్రోమియం లాంటి లోహాలు పాచి కణాల గోడకు అంటుకుని నీటి నుంచి తప్పుకుంటాయి తప్ప నశించవు, ఆ పాచి చివరికి దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల గుంతకే చేరుతుంది. కషాయంలా నల్లగా ఉన్న డిస్టిలరీ నీటిలో వెలుతురు బెత్తెడు కూడా దిగదు. అద్దకం నీటి విషయం కొంచెం వేరు: అజో రంగుల్లోని నైట్రోజన్ జంట బంధాన్ని బ్యాక్టీరియా ఆక్సిజన్ లేనిచోట తెంచుతుంది, అలా పుట్టే ఆరోమాటిక్ అమీన్లనే విషాలను విరగ్గొట్టడానికి ఆక్సిజన్ కావాలి. రాత్రి ఆక్సిజన్ లేకుండా, పగలు పుష్కలంగా ఉండే నా టబ్బు స్వభావం ఇక్కడ లోపం కాకుండా గుణం కావచ్చు. మన దగ్గరే ఎస్. వెంకటమోహన్, జె. కార్తికేయన్ తదితరులు స్పైరోగైరా అనే తీగపాచితో రియాక్టివ్ ఎల్లో 22 రంగును తొలగించడం గురించి 2002లోనే ప్రచురించారు.

యాంటీబయాటిక్ నీటి దగ్గరకు మాత్రం ఈ టబ్బును తీసుకుపోకూడదన్నది నా గట్టి అభిప్రాయం. 2007లో స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్ బృందం, దాదాపు 90 మందుల కంపెనీల నీరు చేరే పటాన్‌చెరు శుద్ధి ప్లాంటు నుంచి బయటికొస్తున్న నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని ప్రకటించింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ అది. అలాంటి నీటిని చిక్కటి బ్యాక్టీరియా గుంపులో వారాల తరబడి తిప్పితే మందుకు లొంగని బ్యాక్టీరియా వంశాలను మనమే సాకినట్టవుతుంది. రెండేళ్ల తర్వాత కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సూచికలో పటాన్‌చెరు-బొల్లారం 70.07 మార్కులతో తీవ్ర కాలుష్య ప్రాంతాల్లో చేరింది. నక్కవాగు మీదుగా మంజీరలోకి ఏమేం దిగాయో ఆ చుట్టుపక్కల రైతులకు ఏ సూచికా చెప్పనక్కర్లేదు. వంద రకాల నీళ్లను ఒక్క ట్యాంకులో కలిపేశాక ఏ జీవికీ అది తిండిగా మిగలదు, పాచికైనా బ్యాక్టీరియాకైనా. కలపకముందే, పుట్టిన చోటే, ఒక్కో నీటిని దానికి తగిన పాత్రలో పోయాలి.

ప్రస్తుతం క్యూసీ ల్యాబు నుంచి రోజుకు ఇరవై లీటర్ల అసిటోనైట్రైల్ కడుగునీరు వేరుగా పట్టి ఇవ్వమని అనుమతి అడిగాను, ఇంకా సంతకం కాలేదు. నాలుగు అంగుళాల వ్యాసం, నిలువెత్తు ఉన్న అక్రిలిక్ గొట్టాలు రెండు వచ్చి ల్యాబు మూల నిలబడి ఉన్నాయి. ఈ శనివారం వెయిర్ గీకుతున్నప్పుడు ఆపరేటర్ తనంతట తానే ఒక మగ్గు పాచి పక్కన పెట్టి, నేను వెళ్లేసరికి ఎండిపోకుండా దాని మీద తడి గోనెసంచి కప్పారు.